చేప నోరు చూసి కొన్నాను

జ్వరం తగ్గినా అవ్వ అన్నం ముట్టడం లేదు. పారే నీళ్ల చేపైతే తింటానంది. ప్రవాహంలో రాళ్ల మీది పాచిని గీరి తినే చేపలకు నోరు కిందికి ఉంటుందని నేను ఎక్కడో చదివాను. బోధన్ మార్కెట్లో ఒక్కో చేప నోరు చూస్తుంటే, అమ్మే అక్క నవ్వింది.

“ఎడ్లను కొంటున్నవా చెల్లె, పండ్లు సూస్తున్నవ్?”

సిగ్గుతో తల దించుకుని, నోరు కిందికున్న చేపను ఏరుకున్నాను.

అవ్వ ఒక ముద్ద తిన్నది. “గిది చెర్వు చేపనే బిడ్డా, బురద వాసనొస్తుంది. పులుసు మంచిగుంది, ఇంకింత పెట్టు.”

బురదలో మేత వెతుక్కునే చేపకూ నోరు కిందికే ఉంటుందన్నమాట! మరి రాయిని గీరే నోటిని ఎలా గుర్తుపట్టడం? అవ్వ తింటుండగా, గిన్నెలోని చేప తలను తిప్పి ఈసారి పెదవులు చూశాను.