గాలిలో సంతకం

మేం వలస వచ్చిన పామర్‌స్టన్ నార్త్ ఊళ్లో మా పక్క ఫ్లాట్ ఆంటీ ఒకప్పుడు ఆఫ్రికాలో, వాళ్ల దేశపు పెద్ద కోర్టులో జడ్జి. ఎవరేం ఆజ్ఞాపించినా చూపుడువేలితో గాలిలో సంతకం గీసి, "రాసివ్వండి" అనేవారు.

తీర్పు మార్చమని మంత్రిగారి మనిషి ఇంటికొచ్చినప్పుడూ అదే అన్నారట. అతను రాయలేదు, ఆవిడ మార్చలేదు. పదవి పోయింది.

"బాధగా లేదా ఆంటీ?"

"కుర్చీ వాళ్లదమ్మా. సంతకం నాది."

ఒకరోజు మా అద్దె ఇల్లు చూసే ఏజెంటు వచ్చి, అగరొత్తుల వాసన పనికిరాదు, దేవుడి పటాలు తీసెయ్యమన్నాడు. నేను ఏనాడూ బడికి వెళ్లలేదు, అమ్మ ఇంట్లోనే తెలుగులో చదువు చెప్పింది. ఇంగ్లీషులో ఎదురు చెప్పాలంటే నోరు పెగలదు. తలూపేశాను. పటాలు అట్టపెట్టెలో సర్దుతుంటే ఆంటీ గుమ్మంలో నిలబడి చూశారు. గాలిలో సంతకం గీశారు.

పటాలు మళ్లీ గోడకెక్కించాను.

మరుసటి వారం ఏజెంటు వచ్చి, "ఇంకా తియ్యలేదా?" అన్నాడు.

"ప్లీజ్, రైట్ ఇట్. సైన్ ఇట్," అంటూ పెన్ను అందించాను. చాచిన చేయి వెనక్కి తీసుకోలేదు. అతను పెన్ను ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

అప్పటిదాకా రోజూ ఒక అగరొత్తే వెలిగించేదాన్ని. ఆవేళ్టినుంచి రెండు. రెండోది ఆంటీ పేర.