తలంబ్రాల మూటకు ఉయ్యాల, అత్తమ్మకు నేల

ఎండాకాలం ఉయ్యాలలో పడుకోవడానికి ఎలాంటి దుప్పటి కావాలని ఎవరైనా అడిగితే, పులి బొమ్మ రగ్గు మాత్రం వద్దని నేను దీపం ముందు నిలబడి చెప్పగలను. నవమికి వారం ముందు, కల్లూరు నుంచి భద్రాచలానికి నడిచి వెళ్లడానికి అత్తమ్మ, వదిన, నేను ముగ్గురం మూటలు కట్టుకుంటుంటే, మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆ రగ్గును పసిబిడ్డలా చంకనేసుకుని వచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్లో చల్లగా ఉండే చోటు ఫ్రిజ్ ఒక్కటే. అయినా అడవిలో చలిపెడితే ఎట్ల అని ఆమె వాదన. రగ్గు మీది పులి కూడా నాలుక బయటపెట్టి రొప్పుతోంది.

దారిలో రెండు చెట్ల మధ్య కట్టుకునే ఆ ఉయ్యాల మా అత్తమ్మ కోసం. ఆమెకు నడుము నొప్పి. నడవమంటే పొద్దంతా నడుస్తుంది గానీ, నేల మీద పడుకుందంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఆమె మొక్కు చిన్నది కాదు. రోకలి తగలకుండా తన గోటితో ఒలిచిన తలంబ్రాల బియ్యాన్ని తానే మోసుకుంటూ, దారిలో ఏ బండీ ఎక్కకుండా సామి కల్యాణానికి చేరాలి. ఎందుకు మొక్కుకుందో మాకు చెప్పలేదు. చెబితే మొక్కు పలచబడుతుందట. నాలుగు నెలలు గోళ్లు అరగదీసుకుంది. సగం దారిలో ఆటో ఎక్కిందంటే ఆ గోళ్లన్నీ గోదాట్లో కలిసినట్టే.

ఆ ఎండల్లో నడిచేవాళ్లు తెల్లవారుజామున కొంత, సాయంత్రం కొంత నడుస్తారు. పొద్దెక్కితే ఎక్కడ నీడ దొరికితే అక్కడ నాలుగింటిదాకా నడుం వాలుస్తారు. కాబట్టి మాకు కావలసింది చలి ఆపే దుప్పటి కాదు. ముఖం మీద ఈగలు వాలకూడదు, ఆకుల సందుల్లోంచి ఎండ కళ్లలో పొడవకూడదు, చెట్టు మీది ఎర్రచీమలు మెడలోకి దిగకూడదు, గాలి మాత్రం ఆడాలి. మా ఆయన ఫోనులో చూసి ఒకటి తెప్పించాడు. ఉల్లిపొరలా ఉంది, మడిస్తే పిడికిట్లో పట్టింది. ఎంత మంచి భర్తనిచ్చావు తండ్రీ అని దండం పెట్టుకున్నాను. కప్పుకుని చూశాక ఇడ్లీ పాత్రలో ఇడ్లీ పడే కష్టం తెలిసింది. దోమతెర ప్రయత్నించాం. ఉయ్యాల ఒక్కసారి ఊగగానే అది ఒంటికి చుట్టుకుని, వదిన వలలో పడ్డ కొర్రమీనులా కొట్టుకుంది. మా చీరలన్నీ పాలిస్టరువి, కట్టుకుంటేనే ఉడుకు, ఇక కప్పుకోవడం కూడానా.

చివరికి మా అమ్మ కట్టి కట్టి వదిలేసిన నూలు చీర దొరికింది. సగం అప్పటికే మసిగుడ్డలైపోయింది, సగం మిగిలింది. దాన్ని ముఖం మీద వేసుకుని ఊదాను. అవతల పెట్టిన అరచేతికి ఊపిరి తగిలింది. తగిలితే దుప్పటి, తగలకపోతే మూత. ఈ పరీక్ష నాకు ఎవరూ నేర్పలేదు, అవసరమైనవాళ్లు వాడుకోవచ్చు.

మొదటి మధ్యాహ్నం ఒక మామిడితోటలో ఉయ్యాల కట్టాం. అప్పుడు గుర్తొచ్చింది మాకు, తలంబ్రాల మూట నేలకు తగలకూడదని. కొమ్మకు వేలాడదీద్దామంటే పైన కోతులు వరస కట్టి కూర్చున్నాయి. వాటికి సామితో పాత చుట్టరికం, అడగకుండానే తీసుకుంటాయి. అత్తమ్మ మూటను నా ఒళ్లో పెట్టి ఉయ్యాల ఎక్కింది. నేను జపం మొదలుపెట్టాను. జపం నన్నెప్పుడూ మోసం చేయలేదు, పదో నామానికల్లా నిద్ర పట్టేస్తుంది. వదిన కేకకు కళ్లు తెరిచేసరికి మూట నా మోకాళ్ల మీద నుంచి జారి, నేలకు జానెడు ఎత్తులో ఆమె చేతుల్లో ఉంది.

అత్తమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇకమీదట మూటను ఎవరికీ ఇవ్వనని, కూతురికైతే మాత్రం నిద్ర రాదా అని అంది.

మర్నాటి నుంచి ఆమె చేసిన ఏర్పాటు ఇది. మూటను ఉయ్యాలలో పడుకోబెట్టింది. తాను కింద, వదిన పట్టుబట్టి తెచ్చిన రగ్గు పరుచుకుని, పులి మీద పడుకుంది. దుప్పటి దగ్గర కూడా తేడా చూపింది. మూటకు, ఎందుకైనా మంచిదని వెంట తెచ్చిన ఆ ఉల్లిపొర కప్పుదామని నేనంటే, వేడికి బియ్యం చెమర్చి ముక్కిపోతుందంది. నూలు చీర మూటకు, ఉల్లిపొర తనకు.

"బియ్యానికి గాలాడాలె. నాకేంది, ఆడకపోయినా ఉంట."

"రెండు కిలోలది ఉయ్యాలల ఊగుతాంది, డెబ్బై కిలోలది రాళ్ల మీద ఉడుకుతాంది," అంది వదిన. సామికి కల్యాణం కాకముందే ఊంజల్ సేవ మొదలైందని కూడా అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వినందుకు లెంపలు వేసుకున్నాను, వేసుకుంటూ మళ్లీ నవ్వాను.

మూడో రోజు పాల్వంచ దాటాం. అక్కడి నుంచి అడవి. టేకు చెట్లు ఉయ్యాల తాళ్ల కోసమే పుట్టినట్టు నిటారుగా ఉంటాయి గానీ ఆ నెలలో ఒక్క ఆకు ఉండదు. నాలుగో రోజు పొద్దెక్కేసరికి, కొత్త చిగురు వేసిన రెండు ఇప్పచెట్లు దొరికినందుకు నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటుంటే, అత్తమ్మ చెట్టును పట్టుకుని వంగిపోయి నిలబడింది. నడుము పట్టేసింది. రెండు మధ్యాహ్నాలు రాళ్ల మీద పడుకున్న ఫలం. వదిన పక్కకు వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది. నాలుగింటికి భద్రాచలం నుంచి ఆటో వస్తుందట.  ఆ మాట విన్నాక కూడా అత్తమ్మ మూటను ఉయ్యాలలో పెట్టడానికే చేయి చాచింది.

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. దానివల్ల నాకొక చెడ్డ అలవాటు అబ్బింది, ఏ నియమం విన్నా అది ఎవరు పెట్టారని అడగడం.

"అత్తమ్మా, మూట నేలకు తగలొద్దన్నది ఎవరు?"

"పెద్దలు."

"మనిషికి తగలొద్దన్నరా?"

"అదెట్ల? నాలుగు రోజుల సంది నా సంకలనే ఉన్నది గద."

"మరి ఉయ్యాలల కూడ నీ సంకలనే ఉంటే ఏమైతది?"

 నిద్రలో కాలు తగిలితే అని ఆమెకు ఒక అనుమానం. తలకాడ పెట్టుకోమన్నాను. ఆమె ఊపిరి తగిలితే అని ఇంకొకటి. నాలుగు నెలలు ఊపిరి బిగబట్టి ఒలిచావా అని అడిగాను. అప్పుడు అసలు సంగతి, కాస్త సిగ్గుపడుతూ చెప్పింది.

"నేను గురక పెడ్తనే."

"సామి పద్నాలుగేండ్లు అడవిల ఉన్నడు," అంది వదిన. "ఎలుగుబంట్లను ఇన్నోనికి నీ గురక ఒక లెక్కనా అమ్మా."

"గాలాడేది ఒక్కటే ఉన్నది గద," అంది అత్తమ్మ.

"ఇద్దరికి ఒక్కటే," అన్నాను. "నీ మొహానికి గాలాడితే బియ్యానికి ఆడదా?"

ఇద్దరం కలిసి ఆమెను ఉయ్యాలలో కూర్చోబెట్టి కాళ్లు లోపలికి పెట్టాం. చెవి పక్కన మూట, రెండింటి మీదా మా అమ్మ చీర. కాసేపు అత్తమ్మ కర్రలా బిగుసుకుని పడుకుంది. తర్వాత ముక్కు దగ్గర గుడ్డ మెల్లగా లేవడం, పడడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎలుగుబంటి వచ్చింది. నేను కర్ర పట్టుకుని కోతులు రాకుండా కాపలా కాశాను. ఈసారి జపం చేయలేదు, నిద్ర వస్తుందని భయం. మా అమ్మకు, ఇప్పచెట్లకు, ఆ గురకకు ఒక్కొక్కరికీ విడివిడిగా దండాలు పెట్టుకున్నాను.

ఆటో చెప్పిన వేళకే వచ్చింది. డ్రైవర్ దిగి, నడవలేని పెద్దమ్మ ఎవరని అడిగాడు. ఆ మాటకు గురక ఆగింది. అత్తమ్మ చీరముక్క తీసి, కాళ్లు ఉయ్యాల పక్కకు దించి, మా ఇద్దరిలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఒక చేయి నడుం మీద పెట్టుకుని అటూ ఇటూ రెండడుగులు వేసి చూసుకుంది. మూటను చంకలో పెట్టుకుంది. మడమలు పొక్కులెక్కి బాతులా నిలబడ్డ నన్ను చూపించింది.

"గా పిల్ల. ఎక్కించుకపో."

వదిన నవ్వు ఆపుకోలేక చెట్టుకు ఆనుకుంది. నేను ఎక్కలేదు. బదులుగా ఆటోలో పులిని ఎక్కించాం, ఉల్లిపొరను, సంచులను ఎక్కించాం. అత్తమ్మ అప్పటికే రోడ్డెక్కి, నీడ ఉన్న వైపు చూసుకుని నడుస్తోంది. నేను కుంటుతూ ఆమె వెనకే బయలుదేరాను గానీ, దేవుడు క్షమించాలి, ఆటో వైపు రెండుసార్లు తిరిగి చూశాను. మూడోసారి చూసేసరికి అది మమ్మల్ని దాటి మలుపు తిరిగిపోయింది.