సాగే గుడ్డ దగ్గర పన్నెండేళ్లు

సైన్సు మ్యూజియం మొదటి హాల్లో ఇనుప చట్రానికి బిగించిన సాగే గుడ్డ ఒకటుంది. దాన్ని కుట్టినామె ఒకప్పుడు టైలరు దుకాణంలో పనిచేసేది. అది మూతపడ్డాక, నాన్న స్నేహితుడైన మ్యూజియం అధికారి పిలిచి ఆ పని ఇచ్చాడు. ఆయన్ని ఆమె చిన్నప్పటినుంచీ బాబాయి అనే పిలిచేది. గుడ్డ బిగించిన రోజే ఆయన మధ్యలో ఇనుపగుండు పెట్టి, చుట్టూ గోలీ దొర్లించాడు.

"చూశావా? బరువున్న చోట అంతరిక్షం ఇలా గుంటపడుతుంది. గురుత్వాకర్షణకి కారణం ఇదేనమ్మా. రేపట్నుంచి వచ్చినవాళ్లకి నువ్వే చెప్పు."

పదో తరగతి తప్పిన తను అంత పెద్ద సంగతి చెప్పడమా అని ఆమె పొంగిపోయింది. పన్నెండేళ్లు చెప్పింది. గోలీ ఎన్ని చుట్లు తిరుగుతుందో వదలకముందే చెప్పగలిగేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఇంట్లో గిన్నె జారిపడితే, "అంతరిక్షం వంగిందిలే" అని భర్త వేళాకోళం చేసేవాడు.

ఒక మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. అంతా విని, వంగి గుడ్డ కిందికి చూసింది.

"అమ్మాయ్, భూమి లాగబట్టే కదా ఆ గుండు గుడ్డని కుంగదీసింది? లాగుడెందుకో చెప్పమంటే మళ్లీ లాగుడే చూపిస్తున్నావేం?"

ఆమె కూడా వంగి గుడ్డ కిందికి చూసింది. వెంటనే బాబాయి గదికి వెళ్లి అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు.

"ముసలామె గట్టిదే! గుడ్డ ఉత్త పోలికమ్మా. బరువు దగ్గర కాలం కూడా రవ్వంత నెమ్మదిగా నడుస్తుంది. చేతిలోంచి వదిలేసిన వస్తువుని ఎవరూ లాగరు, అది తన దారిన తిన్నగానే పోతుంది. వంగింది ఆ దారి ఉన్న చోటూ, కాలమూ. బరువుంటే ఎందుకలా వంగాలి అంటే, లెక్కలైతే ఉన్నాయి గానీ అసలు కారణం ఎవరికీ పూర్తిగా తెలీదు."

"ఇది మీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెప్తే నీ గొంతులో ఆ నమ్మకం ఉండేదా? అది చూసే కదా జనం వింటున్నారు!"

మర్నాడు ఆమె గుడ్డ దగ్గర నిలబడి, "ఇది పోలిక మాత్రమేనండీ. ఇక్కడ గోలీని లాగేది మన భూమే. అసలు కారణం దగ్గర పెద్ద చదువులవాళ్లే ఆగిపోయారు" అంది. ఒక్క చప్పట కూడా పడలేదు. వారం తిరక్కుండా ఆమెను సందర్శకుల సంచులు దాచే గదికి మార్చారు. కాగితం మీద బాబాయి సంతకం. వరండాలో ఆయన ఎదురుపడితే "నమస్తే సార్" అంది. ఆయన తల తిప్పుకున్నాడు.

గుడ్డ దగ్గరికి డిగ్రీ చదివిన కొత్త అమ్మాయి వచ్చింది. కంచుగొంతు. చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. ఈ పిల్లయినా మోసపోకూడదనుకుని, ఆమె ఒకరోజు భోజనాల వేళ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది.

ఆ అమ్మాయి ఇబ్బందిగా కదిలింది.

"నాకు తెలుసక్కా. చేరిన రోజే సార్ అరగంట కూర్చోబెట్టి అంతా చెప్పారు." గొంతు తగ్గించింది. "మీకు చెప్పినా అర్థం కాదన్నారు."

అంటే గొంతులో నమ్మకం కోసమే చెప్పలేదన్న బాబాయి మాట కూడా అబద్ధమే. ఆమె అన్నం డబ్బాకు మూత పెట్టి లేచింది. సంచుల గది ముందు అప్పటికే వరస పెరిగింది. ఎవరి ముఖమూ చూడకుండా ఒక్కో సంచీ అందుకుని చీటీలిస్తూ నిలబడింది.