మంగళవారం మూసిన దుకాణం

అమెరికాలో, హాలీవుడ్ పక్కనున్న బర్బాంక్‌లో సినిమాలు ఎడిట్ చేసే వెర్లిన్‌కి కొత్త కంప్యూటర్ పిచ్చి పట్టుకుంది. "శరదృతువులో అమ్ముతాం" అని కంపెనీ వేసవిలోనే చాటింది గానీ తేదీ చెప్పి చావలేదు. కొత్త సరుకు దించేముందు ఆ కంపెనీ తన వెబ్ దుకాణాన్ని కాసేపు మూసేస్తుంది, అదీ ఎక్కువగా మంగళవారమే. అందుకే మంగళవారం వస్తే చాలు, వెర్లిన్ కాఫీ కూడా మరిచి తెరకి కళ్లప్పగించేవాడు.

"నవంబర్ ఆఖర్న థాంక్స్‌గివింగ్ పండక్కి తిన్న టర్కీ కోడి కూడా అరిగిపోయింది గురూ, ఇంకెక్కడి శరదృతువు?" అని ఏడిపించేది పక్క బల్ల నొరీన్.

"డిసెంబర్ మూడోవారం దాకా శరత్తే! మన అమెరికా క్యాలెండర్ చూసుకో తల్లీ," అని కసిరేవాడు.

ఆ మంగళవారం దుకాణం పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. వెర్లిన్ ఎగిరి గంతేశాడు. "మూసేశారు! ఈవేళే!" అని ఫోన్లో తనలాంటి పిచ్చాళ్లందరికీ టముకేసి, ఆఫీసంతటికీ డోనట్లు తెప్పించాడు.

నొరీన్ డోనట్ కొరుకుతూ తన కంప్యూటర్లో చూసింది. "నాకు తెరిచే ఉందే!"

వెర్లిన్ మౌస్ అటూ ఇటూ రుద్దాడు. తెర మీది బాణం ఉలకలేదు. బల్ల కింద ఫ్యాన్ చప్పుడు ఎప్పుడాగిందో ఏమో!

"కొత్తది రాలేదు గురూ, నీ పాతది పోయింది," అంది నొరీన్, ఇంకో డోనట్ అందుకుంటూ. "ఇవి చావు భోజనాలనుకుని తింటాంలే."