గోడమీది ఐరిష్ ముసలాయన

మిల్టన్‌లో కొత్త ఇంటి గోడ బోసిగా ఉందని, పక్కింటాయన ఇంట్లో పాత సామాన్లు అమ్మేసే గరాజ్ సేల్‌లో ఒక పాత ఫొటో కొన్నాను. ఐర్లండ్‌లో ఏదో ఊరి సంత, గాడిద బండి, పక్కనే టోపీ పెట్టుకున్న ముసలాయన.

వచ్చినవాళ్ళంతా "మీ తాతగారా అంకుల్?" అనడమే. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారైతే అడగను కూడా లేదు. ఫొటో అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి, దండ వేసేశారు. నేను తుడవడం, ఆవిడ మళ్ళీ పెట్టడం.

"పోయినాయన బొట్టు చెరిపేస్తారేంటి బాబూ, తప్పు కాదూ!"

మొన్న పక్కింటాయన వచ్చి, బొట్టూ దండా ఉన్న ఫొటో చూసి ఆగిపోయాడు. నేను సారీ చెప్పబోయాను.

"ఆయన మా తాత. ఇన్నాళ్ళూ మా గరాజ్‌లో అట్టపెట్టెలో పడున్నాడు," అన్నాడు ఇంగ్లీషులో.

మర్నాడు తన పెరట్లో పూలు కోసి తెచ్చి, మా అత్తగారి చేతికిచ్చాడు. ఫొటో కొన్నది నేను! నన్ను అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.