మైసూరు దేశం నుంచి వచ్చినవాళ్లం

మేం పుంగనూరుకు ఎలా వచ్చామో మా తాత చెబితే వినాలి. మైసూరు దేశంలో, కోలారుకు అవతల ఒక కొండ కింద మావాళ్లు గొప్పగా బతికేవాళ్లట. ఇక్కడి జమీందారు ఏరికోరి పిలిపిస్తే ఏనుగెక్కి వచ్చారట. మా కొట్లో బెల్లం కొనడానికి వచ్చినవాళ్లెవరూ ఏనుగు సంగతి వినకుండా ఇల్లు చేరలేదు. ఏడాదికేడాది ఆ ఏనుగుకు అంబారీ, గొడుగూ కూడా చేరాయి. ఆ కొండ మీది నరసింహస్వామే మా ఇంటి దేవుడని కూడా తాతే తేల్చేశాడు.

తొంభైల్లో మా అక్కకు కుప్పం సంబంధం వచ్చింది. అబ్బాయి మదనపల్లెలో అక్కతో పాటు చదివినవాడే. ఇద్దరూ ముందే ఒక మాట అనుకుని, ఆనక పెద్దల చేత వెతికించుకున్న సంబంధం అది. ఇంట్లో తాతకు తప్ప అందరికీ తెలుసు.

అబ్బాయి తరఫువాళ్లు వచ్చారు. కాఫీలయ్యాక వాళ్ల పెద్దాయన తాతను అడిగాడు.

"మీ ఇంటి దేవుడు యాడుండాడప్పా?"

మా వైపు సంబంధాల్లో ఇది అడగనిదే తాంబూలం ముట్టరు. ఒకే ఊరి నుంచి వచ్చి, ఒకే దేవుణ్ని కొలిచేవాళ్లయితే అన్నదమ్ముల కిందే లెక్క, పెళ్లి కుదరదు.

తాతకు కావలసిందీ అదే. ఏనుగును బయటికి తోలాడు. కొండ పేరు చెప్పగానే పెద్దాయన ముఖం వాడిపోయింది. తమవాళ్లూ ఆ కొండ కింది నుంచే వచ్చారనీ, తమ స్వామీ ఆయనేననీ చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. క్షణంలో పెళ్లికొడుకు అక్కకు అన్న వరస అయిపోయాడు. అక్క తలుపు వెనక ఏడుపు మొదలుపెట్టింది. నాకు తాత మీద ఒళ్లు మండిపోయింది.

తాత ఆ ఏడుపు విన్నాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూసోప్పా. ఏనుగూ లేదు, కొండా లేదు. మాది ఈ పక్కనుండే రామసముద్రం. చెనిక్కాయల బండి తోలుకొని ఈడికి సంతకొస్తే ఎద్దు కుంటింది. అది నడిసేదాకా ఉందామని ఉండిపోయిరి మావోళ్లు. మా దేవుడంటే చేనిగట్టు గంగమ్మే."

పెద్దాయన నమ్మలేక మా అవ్వ వైపు తిరిగాడు. ఎద్దు సంగతి తన అత్తగారి నోటే విన్నానని అవ్వ చెప్పింది. అంత గొప్ప ఏనుగు చేయలేని పని ఆ కుంటెద్దు చేసింది, ఆ పూటే తాంబూలాలు మార్చుకున్నారు.

పెళ్లి పందిట్లో ఎవరో కొత్త చుట్టం పక్కన చేరి, మీ పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారని తాతను అడిగాడు. మేమంతా బిగుసుకుపోయాం. తాత నోరు తెరిచి, పీటల మీదున్న అక్కను చూశాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు, నాకు ఏడుపొచ్చింది.

"మాది ఈ వూరేప్పా," అన్నాడు.