పదమూడో అడుగు

నవ్వితే నవ్వండి, కానీ మధ్యలో ఆపకండి. తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పమన్నా ఇదే చెబుతాను... కల్పించింది ఒక్క ముక్క లేదు. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట.

మా తమ్ముడు చంటి. పేరుకే చంటి, మనిషి ఆరడుగుల పైనే. వాడికి జియోకాషింగ్ అని ఒక పిచ్చి ఆట ఉండేది. ఎక్కడో ఒక డబ్బా దాచి, దాని జాడ ఫోన్‌లో పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలి. పొన్నూరు దాటాక కాలువ మీద పాత పడవల రేవు ఉంది. ఒకప్పుడు మిల్లుల బియ్యమంతా అక్కడే పడవలకెక్కేది. వీడు డబ్బా దాచింది ఆ రేవు గోదాములోనే.

చంటి కిందటేడు పోయాడు. జ్వరం... నాలుగు రోజులు, అంతే. వాడి చేతిరాత ఇంట్లో ఒక్క కాగితం మీద కూడా లేదు, అంతా ఫోనే. ఉంటే గింటే ఆ డబ్బాలోని పుస్తకంలోనే. మర్నాడు పొద్దున్నే గోదాము పడగొడతారని ఆ తర్వాత ఒకరోజు సాయంత్రం నాకు తెలిసింది. ఉన్నపళంగా బస్సెక్కాను.

పొన్నూరులో ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి చీకటి పడింది. కరెంటు లేదు.

"ఈ వేళప్పుడు లోపలికి ఏంటి చెల్లెమ్మా? పాములుంటాయి" అన్నాడు డ్రైవరు. యాభై ఏళ్లుంటాయి ఆయనకు.

"పది నిమిషాలన్నయ్యా. ఇక్కడే ఉండండి."

చంటి ఫోన్‌లో ఇచ్చిన గుర్తు ఒక్కటే... 'రేవు పై మెట్టు నుంచి గోదాము గోడ వెంట పన్నెండు అడుగులు.' పై మెట్టు మీద నిలబడ్డాను. కింద నీళ్లు గట్టుకు తగులుతున్నాయి... తప్... తప్... ఫోన్ లైటు వేసుకుని మొదటి అడుగు వేశాను. నోరు తెరవలేదు. మనసులోనే ఒకటి అనుకున్నాను.

"లాభం..."

ఎవరో అన్నారు. గోడ వైపు నుంచి. మెల్లగా.

వడ్లు కొలిచేటప్పుడు పాతకాలం వాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. లైటు తిప్పాను... ఎవరూ లేరు. ఇంకో అడుగు వేశాను.

"రెండు."

ఆగాను. అదీ ఆగింది. వెయ్యగానే... "మూడు."

మగగొంతు. ముసలాయన గొంతు. బరువు మోస్తున్నవాడిలా ఆయాసం. పారిపోదామంటే రేపటికి గోడే ఉండదాయె. ఏడుస్తూనే నడిచాను. పన్నెండు. అక్కడి ఇటుకలన్నీ తడిమాను... ఏమీ లేదు. ఎవరో పట్టుకుపోయారనుకుని, "ఒరేయ్ చంటీ, చచ్చీ ఏడిపిస్తున్నావు కదరా!" అని తిట్టాను.

అప్పుడు...

నేను కదలకుండానే...

"పదమూడు."

అడుగు వెయ్యమంటున్నట్టే ఉంది. వేశాను. "పద్నాలుగు." వేశాను. "పదిహేను." ఇంకో అడుగు... ఆ తర్వాత మాట లేదు. చేతికి ఒక వదులు ఇటుక తగిలింది. దాని వెనకే డబ్బా! అప్పుడు వెలిగింది నాకు. పన్నెండు అన్నది వాడి అంగల్లో. నా అడుగులకు పదిహేను. లెక్కల టీచర్ని, నాకే తోచలేదు... ఆ గొంతుకెలా తెలుసు?

ఆటో దగ్గరకొచ్చి, "లోపల ఎవరో ముసలాయన ఉన్నాడా అన్నయ్యా?" అని అడిగాను.

"ఎవరూ లేరమ్మా. మీరు పైకి లెక్కపెడుతుంటే వింటానే ఉన్నా. పదిహేను దాకా మీ గొంతేగా. ఒకటికి లాభం అన్నారు చూడండి... మా నాన్న అట్టాగే అనేవాడు."

నేను జన్మలో ఎప్పుడూ అలా లెక్కపెట్టలేదు.

పుస్తకం నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో చంటి రాత... 'దొరికిందా? శభాష్!' అని. అక్కడ ఎవరైనా కూలీ ముసలాయన పడుకున్నాడేమో. లేక నాకు తెలియకుండా నా నోరే కదిలిందేమో. నాకిప్పటికీ అంతు చిక్కలేదు.

ఒక్క మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డబ్బా చేతికొచ్చాక నేను పరుగెత్తలేదు. ఆ గొంతు చంటిది కాదు... ఆ మాత్రం నాకు తెలుసు. అయినా, ఇంకో అంకె వాడి గొంతుతో వినపడుతుందేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.